ఓడ ఎందుకు మునుగుతుంది, ఎందుకు విరుగుతుంది?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు, సైన్సు చెప్పుకునే వాళ్లం. విజ్ఞాన విషయం ఏదైనా ఒకటి అందరికీ అర్థమయ్యేలా తెలుగులో చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. బాగా ఆలోచించి ఓడను ఎంచుకున్నాం. ఎందుకంటారా? ఈ సభలో కూర్చున్న పెద్దల్లో కొందరి తల్లిదండ్రులు బొంబాయిలో జహాజు ఎక్కి జిద్దాకు వెళ్లి హజ్ చేసి వచ్చినవారే. 1995తో ఆ ఓడ ప్రయాణం ఆగిపోయింది. ఇప్పుడందరూ విమానంలోనే వెళుతున్నారు. కాని సముద్రం మధ్యలో అన్ని రోజులు ఒక ఇనుప డబ్బాను నమ్ముకుని నిద్రపోయారంటే, ఆ నమ్మకం వెనక ఎవరి చదువు ఉంది, ఎవరి లెక్క ఉంది అన్నది తెలుసుకోవలసిన విషయం.

ఇనుప మేకు నీళ్లలో వేస్తే మునుగుతుంది. అదే ఇనుముతో చేసిన మూకుడు తేలుతుంది. ఇది మన ఆరో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. తాను పక్కకు నెట్టిన నీటి బరువు తన బరువుకు సమానమైనప్పుడు వస్తువు తేలుతుంది. కాని తేలడం ఒక్కటే చాలదు. ఓడ కట్టేవాడు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఒకటి, గాలికి ఒరిగితే మళ్లీ నిటారుగా లేస్తుందా? రెండు, దాన్ని నడపడానికి ఎంత బలం కావాలి? మూడు, అలల మీద విరగకుండా ఉంటుందా? ఈ మూడు ప్రశ్నలకూ మనుషులు ప్రాణాలు ఖర్చుపెట్టి జవాబులు సంపాదించారు.

మొదటి ప్రశ్నను తీసుకుందాం. ఇంగ్లండులో 1870లో కెప్టెన్ అనే యుద్ధనౌక ఉండేది. తిరిగే ఫిరంగి గోపురాలు, పైన ఎత్తయిన తెరచాప స్తంభాలు. దాన్ని కూపర్ కోల్స్ అనే నౌకాధికారి పట్టుబట్టి కట్టించాడు. పత్రికలు, పార్లమెంటు సభ్యులు ఆయన పక్షం. నౌకాదళపు ప్రధాన నిర్మాణాధికారి ఎడ్వర్డ్ రీడ్ మాత్రం వద్దన్నాడు. నీటికి పైన ఓడ పక్క మరీ తక్కువ ఎత్తులో ఉంది, ఇంత బరువు పైన పెడితే ప్రమాదం అన్నాడు. ఎవరూ వినలేదు. పైపెచ్చు కట్టడంలో బరువు అనుకున్నదానికన్నా పెరిగింది. నీటికి పైన 8 అడుగులు ఉండవలసిన పక్క ఆరున్నర అడుగులే మిగిలింది. 1870 సెప్టెంబరు 7వ తేదీ అర్ధరాత్రి దాటాక, స్పెయిన్ తీరానికి దగ్గర్లో గాలివానకు ఆ ఓడ ఒరిగి బోర్లాపడింది. 470 మందికి పైగా చనిపోయారు. అందులో కోల్స్ కూడా ఉన్నాడు. బ్రతికి బయటపడినవాళ్లు 18 మంది మాత్రమే.

అదే రాత్రి, అదే గాలిలో, దాని పక్కనే వెళుతున్న మోనార్క్ అనే యుద్ధనౌకకు ఏమీ కాలేదు. ఎందుకని? ఓడ ఒరిగినప్పుడు నీరు దాన్ని తిరిగి లేపడానికి తోస్తుంది. ఆ తోపుడు ఒక కోణం దాకా పెరిగి, ఆ తర్వాత తగ్గుతుంది. మోనార్క్‌కు అది సుమారు 40 డిగ్రీల దాకా పెరుగుతుంది. కెప్టెన్‌కు 21 డిగ్రీలకే పెరగడం ఆగిపోతుంది. పక్క తక్కువ ఎత్తుది గనుక త్వరగా అంచు నీళ్లలో మునుగుతుంది, ఇక లేపే బలం తగ్గిపోతుంది. చూడండి, ప్రజాభిప్రాయం ఒక పక్క, లెక్క ఒక పక్క ఉన్నాయి. సముద్రం లెక్క మాటే విన్నది.

ఇక రెండో ప్రశ్న. ఓడను నడపడానికి ఎంత బలం కావాలి? వెనకటి రోజుల్లో ఓడ కట్టి, నీళ్లలోకి దించి, నడిపి చూస్తేగాని వేగం తెలిసేది కాదు. తెలిశాక చేసేదేమీ లేదు, డబ్బంతా ఖర్చయిపోయి ఉంటుంది. ఈ చిక్కును విప్పినవాడు విలియం ఫ్రూడ్. ఆయన 1810లో పుట్టాడు. మొదట రైల్వే ఇంజనీరు. 1867లో ఆయన డార్ట్ నది మీద రెండు రకాల చిన్న నమూనా ఓడలను లాగి చూశాడు. ఒకదానికి ముక్కు వాడిగా ఉంటుంది, దాని పేరు రేవెన్, అంటే బొంతకాకి. రెండోదానికి ముక్కు గుండ్రంగా ఉంటుంది, దాని పేరు స్వాన్, అంటే హంస. వాడి ముక్కుదే గెలుస్తుందని అందరూ అనుకునే మాట. ఫలితం మరోలా వచ్చింది. తక్కువ వేగంలో కాకి తేలికగా నడిచింది, ఎక్కువ వేగంలో హంస తేలికగా నడిచింది. అంటే అన్ని వేగాలకూ పనికివచ్చే ఒకే ఆకారం లేదన్న మాట.

ఫ్రూడ్ కనిపెట్టిన అసలు రహస్యం ఏమిటంటే, ఓడను అడ్డగించే నీటి బలం రెండు రకాలు. ఒకటి ఓడ ఒంటిని నీరు రాసుకోవడం వల్ల వచ్చే ఒరిపిడి. రెండోది ఓడ తాను లేపే అలల వల్ల వచ్చేది. ఒరిపిడిని వేరేగా పలకలు లాగి కొలవవచ్చు. అలల సంగతికి మాత్రం ఒక నియమం ఉంది. పొడవు ఎన్ని రెట్లు తగ్గిస్తే, దాని వర్గమూలమెంతో అన్ని రెట్లు వేగం తగ్గించాలి. ఉదాహరణకు 150 మీటర్ల ఓడకు 6 మీటర్ల నమూనా చేశామనుకోండి. అది 25 రెట్లు చిన్నది. 25కు వర్గమూలం 5. అసలు ఓడ 15 నాట్ల వేగంతో పోవాలంటే నమూనాను 3 నాట్లతో లాగితే చాలు. అప్పుడు చిన్న ఓడ లేపే అలలు పెద్ద ఓడ అలలకు అచ్చుగుద్దినట్లు ఉంటాయి. అలల అడ్డు మాత్రం 25ను మూడుసార్లు హెచ్చవేసినంత, అంటే 15,625 రెట్లు. మా పిల్లలు వర్గమూలం ఎందుకు సార్ అని అడుగుతూ ఉంటారు. ఇందుకు!

ఈ మాట నమ్మి బ్రిటిష్ నౌకాదళం ఆయనకు 2,000 పౌన్లు ఇచ్చింది. టార్కీ పట్టణంలో తన ఇంటి పక్కనే 278 అడుగుల పొడవున నీటి తొట్టి కట్టాడు. 1872లో పని మొదలైంది. నమూనాలను పారఫిన్ మైనంతో చేసేవాడు. మైనమైతే చెక్కడం సులువు, మార్పు కావాలంటే మళ్లీ గీయవచ్చు, పనికిరాకపోతే కరిగించి కొత్తది పోయవచ్చు. తన లెక్క నిజమో కాదో తేల్చుకోవడానికి గ్రేహౌండ్ అనే అసలు నౌకనే సముద్రంలో మరో నౌక చేత లాగించి కొలిచాడు. నమూనా చెప్పిందీ, సముద్రం చెప్పిందీ సరిపోయాయి. ఈనాటికీ ప్రపంచంలో పెద్ద ఓడలను ఆయన నియమం మీదనే ముందుగా నీటి తొట్టిలో లాగి చూస్తారు.

కొన్ని ఓడల ముక్కు కింద, నీటిలో, గుమ్మడికాయలాంటి ఉబ్బు ఉండడం మీరు బొమ్మల్లో చూసే ఉంటారు. అది కూడా ఈ తొట్టి పరిశోధనల ఫలితమే. అమెరికాలో డేవిడ్ టేలర్, ఆ తర్వాత జపానులో తకావో ఇనుయి దీని మీద కృషి చేశారు. ఆ ఉబ్బు తానూ ఒక అలను లేపుతుంది. దాని పల్లం వచ్చి ఓడ ముక్కు లేపిన అల మిట్టతో కలిస్తే రెండూ ఒకదాన్నొకటి అణచివేస్తాయి. అల తగ్గితే నూనె ఖర్చు తగ్గుతుంది.

చక్రం మాట కూడా ఒకటి చెప్పాలి. ఓడ వెనక తిరిగే మర చక్రాన్ని ఎంత వేగంగా తిప్పితే అంత వేగం వస్తుందని తోస్తుంది. చార్లెస్ పార్సన్స్ 1894లో టర్బీనియా అనే ఆవిరి టర్బైన్ పడవ కట్టి చూస్తే అలా జరగలేదు. చక్రం వేగంగా తిరుగుతోంది, పడవకు మాత్రం అనుకున్నంత వేగం రావడం లేదు. కారణం చిత్రమైనది. కొండ మీద నీళ్లు త్వరగా మరుగుతాయని మనకు తెలుసు, ఒత్తిడి తక్కువ గనుక. వేగంగా తిరిగే రెక్క వెనక కూడా ఒత్తిడి పడిపోయి, నీరు చల్లగా ఉండగానే మరిగి బుడగలవుతుంది. రెక్కకు పట్టు దొరకదు. ఆ బుడగలు పగిలేటప్పుడు లోహాన్ని కూడా కొరికివేస్తాయి. పార్సన్స్ ఓపికగా చిన్న నీటి గొట్టం కట్టి ఆ బుడగలను కళ్లారా చూశాడు. తర్వాత మూడు ఇరుసులకు తొమ్మిది చిన్న చక్రాలు అమర్చాడు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకా ప్రదర్శనలో ఆ పడవ సుమారు 34 నాట్ల వేగంతో దూసుకుపోయింది.

ఇప్పుడు మూడో ప్రశ్నకు వద్దాం. మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. కావడి బద్దను చూడండి. మధ్యలో భుజం, రెండు చివర్లా బరువు. బద్ద చివరలు కిందకు వంగుతాయి. అల మిట్ట ఓడ నడుము కింద ఉన్నప్పుడు ఓడ పరిస్థితి అదే. ఇక నులక మంచం చూడండి. రెండు చివర్లా పట్టు, మధ్యలో మనిషి. నడుము దిగబడుతుంది. ముందొక అల, వెనకొక అల ఉన్నప్పుడు ఓడకూ అంతే. ప్రయాణమంతా ఓడ కొన్ని క్షణాలు కావడిగా, కొన్ని క్షణాలు మంచంగా వంగుతూనే ఉంటుంది. లక్షలసార్లు. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే ఏమవుతుందో మన పిల్లలకు చెప్పనక్కరలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా లిబర్టీ ఓడలని 2,710 సరుకు ఓడలు కట్టింది. రివిట్లు కొట్టే పద్ధతి మాని వెల్డింగుతో కట్టారు. రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడను 1942 నవంబరులో ఐదు రోజులు కూడా పట్టకుండానే నిలబెట్టారు. లోకం నివ్వెరపోయింది. ఆ తర్వాత మరో విషయానికి నివ్వెరపోయింది. 1943 జనవరి 16న ఇదే పద్ధతిలో కట్టిన స్కెనెక్టడీ అనే చమురు ఓడ పోర్ట్‌లండ్ రేవులో కట్టివేసి ఉండగానే, గాలి లేదు, అల లేదు, ఫెళ్లున చప్పుడు చేస్తూ నడుముకు విరిగింది. లిబర్టీ ఓడలు అనేకం బీటలు వేశాయి, కొన్ని రెండు ముక్కలయ్యాయి.

నింద మొదట వెల్డింగు పనివాళ్ల మీద పడింది. యుద్ధానికని వచ్చిన కొత్తవాళ్లు, ఆడవాళ్లు, వాళ్లకు పనేం తెలుసన్నారు. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే మహిళా శాస్త్రజ్ఞురాలు విరిగిన ఉక్కు ముక్కలు తెచ్చి పరీక్షించింది. ఆమె తేల్చింది ఇది: ఆ రకం ఉక్కు వెచ్చగా ఉన్నప్పుడు సాగుతుంది, ఒక హద్దు దాటి చల్లబడితే గాజులా పెళుసెక్కుతుంది. తప్పంతా వెల్డింగుది కాదు. మరి ఓడ ఎందుకు రెండు ముక్కలైంది? సరుకు దించే పెద్ద కంతలకు మూలలు చదరంగా కోసి ఉన్నారు. బలమంతా ఆ మూలల్లో పోగవుతుంది. బీట అక్కడ మొదలవుతుంది. రివిట్ల ఓడలో అయితే బీట ఒక రేకు అంచుదాకా పోయి ఆగుతుంది. వెల్డింగు ఓడలో రేకులన్నీ ఒకే రేకు, గనుక అది ఓడంతా పరుగెత్తుతుంది. మూలలను గుండ్రం చేశారు, బీటను ఆపే పట్టీలు వేశారు, ఉక్కును మార్చారు. అప్పుడు ప్రమాదాలు తగ్గాయి.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. 2013 జూన్ 17న ఎంఓఎల్ కంఫర్ట్ అనే 316 మీటర్ల కంటైనర్ ఓడ సింగపూరు నుండి జిద్దాకు వెళుతూ యెమెన్ తీరానికి దూరంగా నడుముకు విరిగింది. కట్టి ఐదేళ్లే అయింది. అడుగు రేకులు ముడుచుకుపోయి విరిగిందని తేలింది. దేవుడి దయవల్ల 26 మంది సిబ్బందీ బయటపడ్డారు. మన పెద్దలు వెళ్లిన దారికి దగ్గరిదే ఆ సముద్రం కూడా. ఈ ప్రమాదం తర్వాత పెద్ద కంటైనర్ ఓడల అడుగు బలాన్ని లెక్కించే పద్ధతినే తిరిగి చూశారు.

మనకూ ఈ విద్యకూ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. విశాఖపట్నం మన తీరమే. సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి 1941లో బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన జల ఉష 1948 మార్చి 14న నెహ్రూగారి చేతుల మీదుగా సముద్రంలోకి దిగింది. అదే తర్వాత హిందుస్తాన్ షిప్‌యార్డ్ అయింది. 1969లో నెలకొల్పిన నౌకాదళ విజ్ఞాన సాంకేతిక పరిశోధనాలయం కూడా అక్కడే ఉంది. ఫ్రూడ్ తొట్టి 278 అడుగులైతే, విశాఖ తొట్టి పొడవు 500 మీటర్లు. చక్రాల బుడగలను చూసే సొరంగం కూడా ఉంది. ఓడ నిర్మాణ విద్యలో డిగ్రీ చదువు విశాఖలోనే ఉంది. ఖరగ్‌పూర్ ఐఐటీలోనైతే 1952 నుండే ఉంది.

మన బస్తీల్లో వెల్డింగు షాపులు చాలా ఉన్నాయి. పది తప్పినవాడిని, ఒక్కోసారి పది పాసైనవాడిని కూడా, నాలుగు రూపాయలు తెస్తాడని అక్కడ పెడుతున్నాం. వెల్డింగు చిన్న పని అని మేము అనం. ఓడను నిలబెట్టేది ఆ చేతులే. కాని అతుకు వేసే పిల్లవాడికి ఆ మూల ఎందుకు గుండ్రంగా ఉండాలో కూడా తెలిస్తే, వాడు పనివాడుగా మొదలై ఇంజనీరు దాకా పోగలడు. ఉర్దూలో చదివినవాడికి ఇంగ్లీషు పదాలు బెదురు పుట్టిస్తాయి, నిజమే. వర్గమూలానికి ఏ భాషా లేదు. ఆడపిల్లల తల్లిదండ్రులకు కూడా ఒక మాట: విరిగిన ఓడల గుట్టు విప్పినది ఒక ఆడమనిషి.

పెద్ద ఓడ కట్టే ముందు చిన్న నమూనా లాగి చూడడం, వద్దన్నవాడి లెక్కను వినడం, మూలలో బీట చిన్నదిగా ఉన్నప్పుడే పట్టుకోవడం, ఈ మూడూ ఓడ కట్టేవాళ్లు ఖరీదు చెల్లించి నేర్చుకున్నవి. మన పిల్లల చదువులో బీట ఏ తరగతిలో మొదలవుతోందో ఈ ఏడాది ఇంటింటా ఒకసారి చూడండని కోరుతున్నాం.