బతికి ఉన్నాం సరే, దేనికోసం?



సార్థకమైన క్రైస్తవ జీవితం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మనందరికీ తెలిసిన విషయంతోనే మొదలుపెడతాను. ఏటా మనం లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. బతికే ఉన్నామని ప్రభుత్వానికి రుజువు చూపిస్తాం. దేనికోసం బతికి ఉన్నారని ప్రభుత్వం అడగదు. దేవుడు అడుగుతాడు.

మనలో చాలామందిమి పిల్లల దగ్గర మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఉంటున్నాం. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2019లో హైటెక్ సిటీకి మెట్రో రైలు వచ్చింది. మన పిల్లలకు అన్నం పెడుతున్న చోటిది. దాన్ని నేను తప్పుపట్టను. అయితే ఈ గాలి మనకూ సోకింది. పొద్దున వాకింగులో గజం ధర, ఎవరబ్బాయి జీతమెంత, ఆ రోజుల్లో ఇక్కడ స్థలం కొనలేకపోయామే అన్న దిగులు. సాయంత్రం బెంచీ మీదా అవే మాటలు. కొనని స్థలం ఎలాగూ మనది కాదు. దాని కోసం దిగులుపడిన రోజులు మాత్రం మనవే, పోయినవీ మనవే.

బైబిలులో ప్రసంగి ఇళ్లు కట్టించుకున్నాడు, తోటలు నాటించాడు, వెండి బంగారాలు కూడబెట్టాడు. చివరికి లెక్క చూసుకుంటే చేతిలో ఏమీ మిగల్లేదని తెలుసుకున్నాడు. లూకా సువార్తలోని ధనవంతుడు పంట బాగా పండిందని పెద్ద కొట్లు కట్టించాలనుకున్నాడు. ఆ రాత్రికే పిలుపు వచ్చింది. పంట పండటం తప్పు కాదు; తన గురించి తప్ప మరొకరి గురించి తలచకపోవడమే తప్పు.

వీరికి భిన్నంగా యొప్పేలో దొర్కా ఉంది. ఆమె చనిపోతే, ఆమె కుట్టి ఇచ్చిన అంగీలు పేతురుకు చూపించి వితంతువులు ఏడ్చారని అపొస్తలుల కార్యములు చెబుతున్నది. ఆమె చేతిలో ఉన్నది సూది, దారం. అవే చాలాయి.

మన ప్రాంతంలో మెదక్ చర్చినే చూడండి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు కాలంలో ఆకలితో ఉన్న పల్లె జనానికి పని, తిండి దొరకాలని పోస్నెట్ దొరగారు ఆ నిర్మాణం సాగించారు. కట్టిన గుడి ఎంత గొప్పదో, నిండిన కడుపులూ అంత గొప్పవి.

మనం గుళ్లు కట్టలేం. కాని మన చేతిలోనూ ఒక సూది ఉంది. అది ముప్పై ఏళ్లు ఆఫీసు కాగితాలతో కుస్తీ పట్టిన అనుభవం. పెన్షనరు కన్నుమూస్తే ఆయన భార్యకు పీపీఓ ఎక్కడుందో తెలియదు, ఫ్యామిలీ పెన్షన్‌కు ఏ ఫారం నింపాలో తెలియదు. మరణ ధ్రువపత్రం, పాస్‌బుక్ పట్టుకుని ఒక్కతే బ్యాంకు మెట్లెక్కుతుంది. ఆమె పక్కన నడవడం ప్రార్థనకు తక్కువేమీ కాదు. కొందరు వృద్ధులకు వేలిముద్రలు అరిగిపోయి మెషిన్‌లో పడవు. 2021 నుంచి జీవన్ ప్రమాణ్‌లో సెల్‌ఫోన్‌కు ముఖం చూపించినా సరిపోతుంది. మంచం పట్టినవారి ఇంటికి వెళ్లి ఆ పని చేసిపెట్టడానికి పది నిమిషాలు చాలు.

ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే మీ పీపీఓ ఎక్కడుందో మీ ఇల్లాలికి చూపించండి. రేపు వాకింగు దారిలో ఒక వితంతువు ఇంటి తలుపు తట్టి, "అమ్మా, పెన్షన్ సరిగ్గా వస్తున్నదా?" అని అడగండి.

ప్రభువు మనందరినీ పనిలో ఉంచును గాక. సెలవు.