చెవికి పరీక్ష పెట్టేదెవరు?

(వార్షిక సభలో విద్యా విభాగం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద మేము పిల్లల మార్కులు చదువుతాము, మీరు చప్పట్లు కొడతారు, మేము సంతోషంగా ఇంటికి పోతాము. ఈ ఏడు ఆ మార్కుల వెనుక ఉన్న ఒక సంగతి మీకు విన్నవించుకోదలచినాము. ఇంటర్మీడియట్ చదివే మన పిల్లలకు ఇంగ్లీషు వింటే అర్థమవుతున్నదా? కొత్త కాగితం ఏదైనా చేతికిస్తే చదివి తెలుసుకోగలుగుతున్నారా? ఈ రెండూ మనం ఎన్నడైనా పరీక్షించి చూసినామా?

పుంగనూరు అబ్బాయి ఒకడు మా దగ్గర చదివినాడు. ఇంటర్ ఇంగ్లీషులో మంచి మార్కులు. ఊరు దాటి ఇంజనీరింగులో చేరినాడు. మొదటి నెలలోనే అక్కడి లెక్చరరు, పరీక్ష గది మారిందని క్లాసులో నోటిమాటగా చెప్పినాడట. ఆయన చెప్పింది తర్టీన్. మనవాడు విన్నది తర్టీ. ముప్పయ్యో నంబరు గది వెతుక్కుంటూ మేడలన్నీ ఎక్కి దిగేసరికి పరీక్ష సగమైపోయింది. ఆ రాత్రి వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, “అబ్బా, ఇక్కడ సార్లు చెప్పేది నాకు ఒక్క ముక్కా ఎక్కడం లేదు, ఇంటికొచ్చేస్తా” అని ఏడ్చినాడు. వాళ్ల నాన్న మా దగ్గరకు వచ్చి, “అన్ని మార్కులొచ్చినాయి కదా సార్, మరి ఇదేంది?” అని అడిగినాడు. మా దగ్గర జవాబు లేకపోయింది.

మదనపల్లె అమ్మాయిది ఇంకో రకం కథ. ఉపకార వేతనం ప్రకటన ఒకటి ఇంగ్లీషులో వచ్చింది. రెండు సర్టిఫికెట్లలో ఏదో ఒకటి జతచేస్తే చాలునని అందులో ఉంది. ఆ అమ్మాయి రెండూ కావాలని అర్థం చేసుకొన్నది. రెండోదాని కోసం తండ్రి కూలి మానుకొని ఆఫీసుల చుట్టూ తిరిగినాడు. కాగితం చేతికొచ్చేసరికి గడువు దాటింది. ‘ఐదర్’ అనే ఒక్క మాట దగ్గర ఆ ఏటి డబ్బు పోయింది. అదే అమ్మాయి పాఠ్యపుస్తకంలోని వ్యాసాలు పేజీలకు పేజీలు తప్పు లేకుండా రాయగలదు.

ఇద్దరూ తెలివితక్కువ పిల్లలు కారు. వాళ్లకు మనం పెట్టిన పరీక్షలే వేరు. ఇంటర్మీడియట్ బోర్డు 1971లో ఏర్పడింది. ఎన్నో ఏళ్లుగా మన ఇంగ్లీషు పరీక్ష అంటే మూడు గంటలు, నూరు మార్కులు, ముప్పైఐదు వస్తే పాసు. పిల్లవాడు ఆ మూడు గంటలూ తలవంచుకొని రాస్తాడు. ఇంకో విచిత్రం చూడండి. ఏ అక్షరం పలకదు, ఏ మాటలో ఒత్తు ఎక్కడ పడుతుంది, ఏ అచ్చు వేరుగా ధ్వనిస్తుంది అని ఆ ప్రశ్నపత్రాల్లోనే అడుగుతూ వచ్చినారు. అంటే శబ్దాన్ని గురించి అడిగినారు గాని, శబ్దం వినిపించలేదు. పిల్లలు ఆ గుర్తులను కూడా గైడు చూసి బట్టీపట్టినారు. పట్టించినది మేమే. గద్యభాగం ఇచ్చి ప్రశ్నలడిగే చోట కూడా, ప్రశ్నలోని మాట పాఠంలో ఎక్కడుందో వెతికి ఆ వాక్యం ఎత్తి రాయండర్రా అని ఉపాయం చెప్పినదీ మేమే. పరీక్షలో లేనిది పాఠంలో ఉండదు. ఈ తప్పులో మా వాటా మేము ఒప్పుకొంటున్నాము.

మన పిల్లలకు వినే శక్తి లేదనుకోవద్దు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు. కుప్పంలో అయితే అంగడికి పోతే అరవం, బెంగళూరు రైలెక్కితే కన్నడం. పదేళ్ల పిల్లవాడు నాలుగు భాషల్లో బేరం విని చిల్లర సరిగ్గా తెస్తాడు. మన మదనపల్లె గడ్డకే వినికిడిలో పెద్ద పేరుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు బీసెంట్ థియోసాఫికల్ కళాశాలకు వచ్చి ‘జనగణమన’ పాడి వినిపించినారు. ఇక్కడ ఉండగానే దానిని ఇంగ్లీషులోకి మార్చినారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి కూర్చినారు. ఆమె ఐర్లండు మనిషి, పాట బెంగాలీ. చెవి పెట్టి వినేవారికి భాష అడ్డం కాదని చెప్పడానికి మనకు ఇంతకంటె దగ్గరి సాక్ష్యం అక్కరలేదు.

ఇతర దేశాలలో ఏమి చేస్తున్నారో కొంచెం చెప్పుకొందాము. దక్షిణ కొరియాలో హైస్కూలు ముగించే పిల్లలు నవంబరులో కాలేజీ ప్రవేశ పరీక్ష రాస్తారు. అందులో ఇంగ్లీషు ప్రశ్నలు 45. వాటిలో 17 విని జవాబు రాసేవి, మిగిలిన 28 చదివి రాసేవి. ఆ వినికిడి పరీక్ష జరిగే సమయంలో, మోత పిల్లల చెవుల్లో పడకూడదని, దేశమంతటా విమానాలు ఎగరడం దిగడం ఆపుతారు. పిల్లల చెవికి వాళ్లిచ్చే మర్యాద అది. విదేశీ చదువులకు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో వినికిడి ప్రశ్నలు 40, చదివే ప్రశ్నలు 40. వినిపించేది ఒక్కసారే, రెండోసారి అడిగినా వినిపించరు.

మన దేశంలోనూ కదలిక ఉంది. సీబీఎస్ఈ వారు 11, 12 తరగతుల ఇంగ్లీషులో 80 మార్కులు రాతకు ఉంచి, 20 మార్కుల అంతర్గత పరీక్షలో వినడం, మాట్లాడడం చేర్చినారు. తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి మొదటి సంవత్సరం ఇంగ్లీషులో 20 మార్కులకు ప్రాక్టికల్స్ పెట్టింది. మన రాష్ట్రంలో 2023లో అమెరికాలోని ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకొని, ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి నుంచి టోఫెల్ తర్ఫీదు మొదలుపెట్టినారు. అందులో వినడానికీ చదవడానికీ పరీక్షలుండినాయి. ప్రభుత్వం మారిన తర్వాత ఆ ఏర్పాటు సాగలేదు. అది మంచిదా చెడ్డదా అన్న వాదన మాకు వద్దు. పైవాళ్ల ఏర్పాట్లు వస్తుంటాయి, పోతుంటాయి. మన చేతిలో ఉన్నది మనం చేసుకోవచ్చునని మాత్రమే మా మనవి.

వినికిడి పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక సెల్‌ఫోను, చిన్న స్పీకరు ఉంటే చాలు. అదీ లేకపోతే బాగా చదవగల మనిషి గొంతు చాలు. ప్రశ్న తయారుచేయడంలోనే జాగ్రత్త కావాలి. మేము రాసుకొన్న ఒక ప్రకటన చెప్తాము. రోజూ ఒకటో ప్లాట్‌ఫారం మీదికి వచ్చే రైలు ఈరోజు రెండో దాని మీదికి వస్తుంది, నలభై నిమిషాలు ఆలస్యం, టికెట్టు రద్దు చేసుకోదలచినవారు మాత్రమే కౌంటరుకు రావాలి. ఇది ఇంగ్లీషులో మామూలు వేగంతో వినిపిస్తాము. ప్రశ్నలు మూడే. ఈరోజు ఏ ప్లాట్‌ఫారం? ఎంత ఆలస్యం? కౌంటరుకు ఎవరు పోవాలి? ‘ఒకటి’ అని రాసినవాడు మాటలు విన్నాడు, సంగతి వినలేదు. ‘పద్నాలుగు’ అని రాసినవాడికి ఫోర్టీన్, ఫోర్టీ తేడా చెవిలో పడలేదు. ‘అందరూ’ అని రాసినవాడు ‘ఓన్లీ’ని జారవిడిచినాడు. ఏ తప్పు ఎందుకు వచ్చిందో మనకు తెలుస్తుంది, దానిని బట్టి మరుసటి వారం పాఠం చెప్పవచ్చు. వట్టి మార్కు చూస్తే ఇదేమీ తెలియదు.

కొన్ని నియమాలు పెట్టుకొన్నాము. ప్రశ్నలు ముందే చదువుకోనియ్యాలి. ఎందుకు వింటున్నామో తెలిసి వినడమే లోకంలో జరిగేది. మొదట్లో రెండుసార్లు వినిపించాలి, అలవాటైన తర్వాత ఒక్కసారి. స్పెల్లింగుకు మార్కు కోయకూడదు. మొదటి నెలల్లో జవాబు తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా ఒప్పుకోవాలి. పరీక్ష చెవికి గాని చేతిరాతకు కాదు. ఒకే గొంతు కాకుండా ఆడ గొంతు, మగ గొంతు, అరవ యాస, ఉత్తరాది యాస అన్నీ వినిపించాలి. వినకుండానే జవాబు చెప్పగలిగే ప్రశ్న పనికిరాదు. దానికి సులువైన పరీక్ష ఉంది. వినని మనిషి చేతికి ఆ ప్రశ్నలు ఇవ్వండి. అతడు సరిగ్గా చెప్పేస్తే ఆ ప్రశ్న కొట్టివేయండి.

మన చెవులకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులు ఉన్నాయి. తెలుగులో మాట చివర అచ్చు వస్తుంది. బస్సు, బుక్కు, కారు అంటాము. అందువల్ల ఇంగ్లీషు మాట చివర మింగేసే ట, డ శబ్దాలు మనకు అందవు. జరిగిపోయిన పని జరుగుతున్నదిగా వినబడుతుంది, కాదన్నది అవునన్నట్టు వినబడుతుంది. ఉర్దూ నాలుక ‘ఇస్కూల్, ఇస్టేషన్’ అంటుంది. కానీ ఉర్దూ ఇంటి పిల్లలకు ఒక లాభమూ ఉంది. జిందగీలోని మొదటి శబ్దం, ఫర్జ్‌లోని మొదటి శబ్దం ఇంగ్లీషులోనూ ఉన్నాయి. అవి పుట్టుకతోనే వాళ్లకు వచ్చు. ఎవడికి ఏది కష్టమో పరీక్ష పెడితేనే బయటపడుతుంది. ఒకసారి ఇంకో సంగతి కూడా బయటపడింది. వెనుక బెంచీలో ఎప్పుడూ తప్పులే రాసే ఒక పిల్లవాడిని ముందు కూర్చోబెడితే అన్నీ ఒప్పులే రాసినాడు. డాక్టరుకు చూపిస్తే చెవిలో చీము. ఇన్నేళ్లూ వాడిని మొద్దు అన్నాము. ఆ మాట తలచుకొంటే ఇప్పటికీ మాకు సిగ్గుగా ఉంటుంది.

ఇక చదవడం. గట్టిగా తప్పులేకుండా చదవడం వేరు, చదివింది తెలియడం వేరు. ఈ తేడా మన సమాజానికి ఎవరూ చెప్పనక్కరలేదు. మక్తబ్‌లో అరబ్బీ అక్షరాలను మఖ్రజ్ తప్పకుండా చదివే పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు. వారికి అర్థం వేరుగా నేర్పవలసి ఉంటుందని మనకు తెలుసు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గడగడా చదివితే వచ్చేసిందనుకొంటాము. ఒక తమాషా వాక్యం చెప్తాము వినండి. “బుర్రుడు టిక్కాలను చిమకించెను.” టిక్కాలను చిమకించినది ఎవరు? బుర్రుడు. బుర్రుడు ఏమి చేసెను? టిక్కాలను చిమకించెను. రెండు జవాబులూ ఒప్పే, రెండు మార్కులు. కానీ మీకు గాని మాకు గాని ఒక్క ముక్క అర్థమైందా? వాక్యం ఎత్తి రాస్తే చాలే ప్రశ్నలన్నీ ఇలాంటివే.

కాబట్టి మూడు రకాల ప్రశ్నలు అడగాలి. రాసి ఉన్నది ఏమిటి? రాయకపోయినా తెలిసేది ఏమిటి? రాసినవాడి ఉద్దేశం ఏమిటి? పాఠ్యపుస్తకంలోని భాగం వద్దు. మందు సీసా మీది సూచన, బ్యాంకు ఉత్తరం, హాల్ టికెట్టు వెనుక నిబంధనలు, పేపరులో చిన్న వార్త తీసుకోండి. 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికా ఆయన ‘క్లోజ్’ అనే పద్ధతి చెప్పినాడు. ఒక పేరా తీసుకొని మొదటి వాక్యం అలాగే ఉంచి, ఆ తర్వాత ప్రతి ఏడో మాట కొట్టివేయండి. పిల్లలు ఆ ఖాళీలు నింపాలి. వెనుకా ముందూ అర్థమైతేనే నింపగలరు, బట్టీ పనికిరాదు. తయారుచేయడానికి పెన్సిలు ఒకటి చాలు.

సంఘం వారిని మేము కోరేది పెద్దదేమీ కాదు. నెలకు ఒక ఆదివారం, ఒక గంట. మూడు ఊళ్లలో మూడు గదులు. మదనపల్లె వాళ్లు తయారుచేసిన ప్రశ్నలు పుంగనూరులో, పుంగనూరువి కుప్పంలో, కుప్పంవి మదనపల్లెలో పెడదాము. చెప్పిన మనిషే పరీక్షిస్తే తనకు తెలియకుండానే పిల్లలకు అందిస్తాడు. మార్కులు గోడకు అంటించవద్దు, ర్యాంకులు వద్దు. ప్రతి పిల్లకూ ఒక నోటుబుక్కు ఇచ్చి, ఈ నెల ఏది వినలేకపోయింది, ఏది చదవలేకపోయింది అన్నది అందులో రాస్తే చాలు. ఆడపిల్లలు పగటిపూటే వచ్చి పోయేలా వేళ పెట్టండి. ఊరు దాటి చదవడానికి పంపుతారో లేదో తెలియని అమ్మాయికి ఇంటి దగ్గర దొరికిన ఈ గంటే పెద్ద ఆస్తి.

తల్లిదండ్రులకు ఒక మాట. మాకు ఇంగ్లీషు రాదు సార్, మేమేం చేసేది అంటారు. మీకు రాకపోవడమే మంచిది. ఇంటికి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా పిల్లచేతికిచ్చి, “ఇందులో ఏముందో మన మాటల్లో చెప్పమ్మా” అని అడగండి. చెప్పలేకపోతే తిట్టవద్దు. ఆ కాగితం మా దగ్గరకు పంపండి. మరుసటి ఆదివారం అదే మాకు పాఠం.

గది తప్పిపోయిన ఆ పుంగనూరు అబ్బాయి ఇంటికి వచ్చేయలేదు. రోజూ రాత్రి ఇంగ్లీషు వార్తలు అరగంట విని, విన్నది ఉర్దూలో రాసుకొని, చదువు నిలబెట్టుకొన్నాడు. వాడు ఒంటరిగా, అవమానపడి నేర్చుకొన్నది మిగిలిన పిల్లలు మన దగ్గర ఉండగానే, మన ముందర తప్పులు చేస్తూ నేర్చుకోవాలని మా కోరిక. అక్కడ చేసే తప్పుకు పరీక్ష పోతుంది. ఇక్కడ చేసే తప్పుకు నోటుబుక్కులో ఒక గీత పడుతుంది, అంతే.

 అల్లాహ్ మన పిల్లల చదువులో బర్కత్ ఇచ్చుగాక. ఖుదా హాఫిజ్.