రంభ తోటలో మన వనభోజనం
(ఉగాది సభలో చదివిన ప్రసంగం)



ఈ ఉగాది సభలో నాలుగు మాటలు చెప్పుమని సంఘంవారు అడిగినప్పుడు మేము మొదట వెనుకాడినాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాపనికి చేరినవాళ్లము. టిక్కెట్ల లెక్కలు సరిచూచుకొనడం తప్ప సభలలో మాట్లాడే అలవాటు మాకు లేదు. “పోయిన కార్తికంలో రంభకు వెళ్లివచ్చినాము గదా, ఆ సంగతే చెప్పండి” అని కార్యదర్శిగారు దారి చూపినారు. కనుక పంచాంగ శ్రవణానికీ పులిహోరకూ మధ్య కొద్దిసేపు మీ ఓపికను అడుగుచున్నాము.

కార్తికమాసంలో ఉసిరిచెట్టు నీడన వండుకొని, నలుగురూ ఒక్క బంతిని కూర్చుండి తినడం మనకు తాతలనాటి ఆచారం. పలాస, సోంపేట ప్రాంతాలలో పుట్టిన మనవంటివారికి ఊరిబయట ఏ తోపయినా మన తోపే. ఉద్యోగరీత్యా బరంపురం చేరిన తరువాత తోపును వెదుక్కోవలసి వచ్చినది. ఒక ఏడు క్వార్టర్ల వెనుక చెట్లకింద కానిచ్చినాము. మరొక ఏడు రామలింగేశ్వరుని చెరువు దగ్గరి పార్కులో, క్యారియర్లలో తెచ్చుకొన్న అన్నం తిని లేచినాము. ఈసారి మాత్రం ఆడవాళ్లు పట్టుబట్టినారు. నీళ్లుండవలెను, చెట్లుండవలెను, పిల్లలు పరుగెత్తడానికి చోటుండవలెను అన్నారు. రంభ అని నిశ్చయమైనది.

బరంపురంలో బండి ఎక్కితే ఛత్రపురం తరువాత ఋషికుల్య వంతెన, ఆ పైన గంజాం, ఉప్పుమళ్ల హుమ్మా, దాని తరువాత రంభ. ఈ రైలుదారి 1890–1900 మధ్య వేసినది. అప్పుడు దీనిపేరు ఈస్టు కోస్టు రైల్వే. తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే అయినది, 1955లో సౌత్ ఈస్టర్న్ అయినది, 2003 ఏప్రిల్ 1 నుంచి మరల ఈస్టు కోస్టు రైల్వే అయినది. పేరు తిరిగి తిరిగి పుట్టింటికే వచ్చినది. మా ఉద్యోగం ఈ దారిమీదనే గనుక ఆ మాట తలచుకొంటే మాకు ఎందుకో సంతోషంగా ఉంటుంది.

రంభ చిలకా సరస్సు దక్షిణపు కొసన ఉన్నది. చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో వచ్చి వాలే ఈ సరస్సును 1981లోనే రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేర్చినారు. ఒడ్డున చెట్ల నీడను పొయ్యిలు పెట్టినాము. ఉసిరిచెట్టు దగ్గరలో కనబడలేదు. బరంపురంనుంచే ఒక కొమ్మ తెచ్చుకొన్నాము గనుక దానినే మట్టిలో నాటి పసుపు కుంకుమ పెట్టి పూజ కానిచ్చినాము. పులుసు ఉడికేలోగా పిల్లలను పడవ ఎక్కించినాము.

మాతో మా ఆఫీసులో పనిచేసే ఒక ఒరియా మిత్రుడు వచ్చినాడు. బరంపురంలో పుట్టి పెరిగినవాడు. తెలుగు మనకంటె ధారాళంగా మాట్లాడును గాని చదువలేడు. పడవ లోతు నీటిలోనికి వెళ్లగానే ఒడ్డున ఎత్తయిన స్తంభాలతో ఒక తెల్లని భవనం, దాని చుట్టూ తోట కనబడినవి. “బాబూ, అదిగో రంభ మహలు. దానిని చూడకుండా మా గంజాం కథ అర్థం కాదు” అని ఆయన మొదలుపెట్టినాడు.

ఆ భవనాన్ని 1791–92 ప్రాంతంలో కట్టించినది థామస్ స్నాడ్‌గ్రాస్ అనే దొర. ఈస్టిండియా కంపెనీ తరఫున గంజాం కలెక్టరు. ఆ రోజులలో జిల్లాకు ముఖ్యపట్టణం గంజాం ఊరే. 1815లో విషజ్వరాలు వ్యాపించి ఆ ఊరు పాడుపడినది, కచేరీలు తరలిపోయినవి. రంభ తోట మాత్రం నిలిచినది. సరస్సులో ఒక బండమీద కోసుగా ఉన్న స్తంభమొకటి పిల్లలకు చూపించినాడు. పైన దీపం పెట్టడానికి ఆ దొరే కట్టించినాడట. తరువాత ఈ మహలు ఖల్లికోట రాజుల చేతికి వచ్చినది. వారు సమీపంలోని ఒక చిన్న లంకమీద బంగళా కట్టుకొన్నారు. దానికి బ్రేక్‌ఫాస్టు ఐలండు అని పేరు. ఉదయపు ఫలహారానికి పడవ ఎక్కి వెళ్లడమంటే ఎంత వైభవమో చూడండి. మనమేమో ఫలహారం తిన్న తరువాత పడవ ఎక్కినాము! నేడు ఆ మహలును బాగుచేసి యాత్రికులు దిగే హోటలుగా నడుపుచున్నారు. ఎక్కడెక్కడివారో వచ్చి ఆ తోటలో కూర్చుండి సరస్సును చూచి పోతున్నారు.

కాని మా మిత్రుడు చెప్పదలచిన కథ విందులది కాదు. ఖల్లికోట రాజా హరిహర మర్దరాజు కాలంలో గంజాం మదరాసు రాజధానిలోని జిల్లా. కచేరీలలో, బడులలో తెలుగువారిది పైచేయి. తమ భాష తమ గడ్డమీదనే వెనుకబడిపోతున్నదని ఒరియావారికి బాధ. ఆ బాధను పంచుకొన్న పెద్దలు ఈ రంభలో కూర్చుండి ఆలోచనలు చేసినారు. 1903లో బరంపురంలో గంజాం ఒరియావారి సభ జరిగినది. అదే సంవత్సరం డిసెంబరులో కటకంలో మధుసూదన దాసుగారి పూనికతో ఉత్కళ సమ్మిళని పుట్టినది. దాని ఫలమే 1936 ఏప్రిల్ 1న ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రం. బరంపురం అందులో చేరినది. నాటినుంచి ఈ ఊళ్లో మనము తక్కువమంది లెక్కలోనికి వచ్చినాము.

ఆ మాట విన్నప్పుడు మాకు కొంచెం ముల్లు గుచ్చుకొన్నట్లయినది. ఈ బరంపురంలోనే 1894లో వి. వి. గిరిగారు పుట్టినారు. పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారు అంత వయసులోను ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయినారు. మన పెద్దలు ఇక్కడ పోగొట్టుకొన్నదాని పునాది ఆ తోటలోనే పడినదా అనిపించినది. ఆ తోటను చూస్తూ మన పులిహోర మనకు రుచించునా అని కూడ అనిపించినది.

ఒడ్డుకు వచ్చి భోజనాలు చేసినాము. తరువాత పిల్లల పాటలు పెట్టినాము. ఒక పదేళ్ల పిల్ల లేచి, చేతిలో కాగితం చూచుకొంటూ చక్కని తెలుగు పాట పాడినది. ఒక్క మాట తప్పలేదు, ఉచ్చారణలో వంక లేదు. అందరూ చప్పట్లు కొట్టినారు. మా మిత్రుడు ముచ్చటపడి, “ఏదమ్మా, ఆ కాగితం ఒకసారి ఇటివ్వు” అని అందుకొన్నాడు. చూచి, గడగడ చదువసాగినాడు. మేము ఆశ్చర్యపోయినాము. “మీకు తెలుగు చదువ రాదు గదా?” అని అడిగితే, కాగితం మావైపు తిప్పినాడు. పాట తెలుగే. అక్షరాలు ఒరియావి.

“అక్షరాలు ముత్యాలవలె ఉన్నవి. నీకూ నాకూ వచ్చిన తెలుగు ఒకటేనమ్మా. మాట్లాడగలము, చదువలేము” అని ఆయన నవ్వినాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. పిల్ల కూడ నవ్వినది. మేము మాత్రం నవ్వలేకపోయినాము. ఆ పిల్ల ఎవరో కాదు, మా పెద్దమ్మాయి.

తిరుగు బండిలో ఆయన మా పక్కనే కూర్చున్నాడు. మా ముఖం చూచి గ్రహించినట్లున్నది. “మా ముత్తాతకు కచేరీనుంచి కాగితం వస్తే అది తెలుగులో ఉండేదట. చదివించుకొనడానికి వీధులు తిరిగేవాడట. మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మీరు రంభ మహలును చూచి బాధపడినారు, నాకు తెలుసు. మీ పిల్ల కాగితం చూచినప్పుడు నాకు ముత్తాత జ్ఞాపకం వచ్చినాడు” అన్నాడు. గంజాం స్టేషను దాటేవరకు మేము మాట్లాడలేదు.

అయ్యలారా, ఆలోచించి చూస్తే మాకు తోచినది ఇది. ఆ తోటలో కూర్చున్నవారు మనకు కీడు తలపెట్టి కూర్చోలేదు. తమ పిల్లలు తమ అక్షరాలు మరచిపోతారేమోనన్న భయంతో కూర్చున్నారు. ఈనాడు ఆ భయం మన ఇళ్లలో ఉండవలసినది. ఉన్నదా? మన సంఘానికి ఉగాది ఉన్నది, వనభోజనం ఉన్నది, చందాల పుస్తకం ఉన్నది. మన పిల్లల చేతిలో తెలుగు పలక లేదు. మా పిల్ల చదివే బడిలో తెలుగు లేదు నిజమే. కాని సాయంత్రం ఆరు గంటలకు ఇంటికి వచ్చిన తండ్రికి అక్షరాలు వచ్చునుగదా! తప్పు బడిది కాదు, మాది.

పిల్లలు ఒరియా నేర్చుకొనడం తప్పని మేము అనడం లేదు. ఈ నేలమీద అన్నం తింటున్నాము, ఈ నేల మాట నేర్వవలసినదే. కార్తిక పౌర్ణమినాడు మన ఆడవాళ్లు అరటిదొప్పలలో దీపాలు వదలితే, ఆ చెరువులోనే ఒరియావారు అరటిబోదెల పడవలు వదలుతారు. రెండూ ఒకే నీటిమీద తేలుతున్నవి, ఒకదానివల్ల ఒకటి మునగలేదు. రెండు లిపులు కూడ ఒక పిల్లచేతిలో ఇముడుతవి.

ఆ రాత్రినుంచే మా పెద్దమ్మాయికి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టినాము. రాత్రి డ్యూటీ పడినప్పుడు వాళ్ల అమ్మ దిద్దిస్తున్నది. గుణింతాలు అయినవి, ఒత్తులదగ్గర తడబడుతున్నది. ఈ సభకు వచ్చిన ఆహ్వానపత్రికను కూడబలుక్కొని చదివినది. “ఉగాది” అన్న మాట చదవడానికి ఎంతసేపు పట్టినదో చెప్పము గాని, చదివినది.

కనుక సంఘంవారికి మా మనవి ఒక్కటే. ఆదివారం ఒక్క గంట, సంఘం గదిలో, పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుదాము. జీతాలక్కరలేదు, పెద్ద చదువులక్కరలేదు. మెట్రిక్కు చాలును. మొదటి ఆదివారం మేము వస్తాము. మా ఒరియా మిత్రుడు కూడ వచ్చి కూర్చుంటానన్నాడు, ఆయనకు కూడ ఒక పలక కొనవలసి ఉంటుంది.

వచ్చే కార్తికంలో మరల రంభకే పోదాము. ఆ తోటను మరల చూదాము. పాట పాడే ప్రతి పిల్లా తన కాగితం తానే తెలుగులో వ్రాసుకొని తేవలెను. ఆనాడు మా మిత్రుడు కాగితం అడిగి తీసుకొంటే, ఆయన కూడ దానిని తెలుగులోనే చదువవలెను.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. పులిహోర చల్లారుచున్నది, సెలవు తీసుకొనుచున్నాము.