పెరటి రేడియో ఎంత దూరం వినిపిస్తుంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

"అమెరికా ఉద్యోగం సంగతి మాకొద్దు, ఆ పెరట్లో రేడియో స్టేషన్ సంగతి చెప్పరా" అని మా బ్యాచ్ వాళ్లు పట్టుబట్టారు. అదే చెబుతాను.

అక్కడ ఏఎం బ్యాండులో, అంటే మన మీడియం వేవ్‌లో, లైసెన్సు లేకుండానే చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకోవచ్చు. నిబంధనల్లో పార్ట్ 15 అని ఒక భాగం ఉంది. చివరి దశకు ఇచ్చే పవర్ 100 మిల్లీవాట్లు దాటకూడదు. ఏంటెన్నా, దానికి వెళ్లే తీగ, ఎర్త్ తీగ అన్నీ కలిపి 3 మీటర్లు మించకూడదు. లైసెన్సున్న స్టేషన్లకు అడ్డు రాకూడదు. చిన్నప్పుడు మనం విన్న విజయవాడ కేంద్రం లక్ష వాట్లది. నాది అందులో పది లక్షల వంతు!

నా శ్రోతలు మా కాలనీలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు. పగలంతా ఇంట్లో ఒక్కరే. ఫోన్‌లో వెతుక్కోవడం చాలామందికి విసుగు, రేడియో అయితే మీట తిప్పితే చాలు. పాటలు వేయను, హక్కుల తలనొప్పి. వాళ్ల కబుర్లే వాళ్లకు వినిపిస్తాను. అయితే మొదట్లో నాలుగిళ్లు దాటితే మాట అందేది కాదు. వీధి చివర ఉండే ఒక పెద్దావిడ, "బాబూ, అందరూ విన్నామంటున్నారు, మా ఇంటికి గరగరే వస్తోంది" అన్నారు. ఆ ఇంటిదాకా చేరాలి, అదీ పట్టుదల.

పవర్ పెంచుదామని ఎవరికైనా తోస్తుంది. చట్టం ఒప్పుకోదు, లాభమూ తక్కువే. దూరం రెట్టింపు కావాలంటే పవర్ కనీసం నాలుగు రెట్లు కావాలి. అసలు లోటు ఏంటెన్నాలో ఉంది. 1600 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 187 మీటర్లు. అందులో పావు వంతు, అంటే 47 మీటర్ల స్తంభం ఉంటే హాయిగా ప్రసరిస్తుంది. నాకున్నది 3 మీటర్ల కడ్డీ. దాని రేడియేషన్ రెసిస్టెన్స్ ఓములో పదో వంతు. కాయిల్‌లోనూ నేలలోనూ పోయేది మా పెరట్లో ఇరవై ఓముల దాకా ఉంటుంది. చిల్లు బొక్కెనతో నీళ్లు తోడినట్టు, నూటికి ఒక వంతు కూడా గాలిలోకి వెళ్లదు.

కాబట్టి చిల్లులు పూడ్చుకోవాలి. మొదటిది, బ్యాండులో పై కొసకు జరగడం. 540 దగ్గర కన్నా 1700 దగ్గర అదే కడ్డీ రేడియేషన్ రెసిస్టెన్స్ దాదాపు పది రెట్లు. తర్వాత కాయిల్. సన్న తీగ తీసి, వెడల్పాటి గొట్టం మీద లావు తీగ చుట్టాను. ఎక్కువ మేలు చేసింది మాత్రం నేల. కడ్డీ మొదట్లోంచి బండి చక్రం ఆకుల్లా పదహారు రాగి తీగలు పాతిపెట్టాను. మొత్తం నష్టం సగమైతే గాలిలోకి వెళ్లేది రెట్టింపు. మాడ్యులేషన్ నూరు శాతానికి దగ్గరగా ఉంచి, ముందొక కంప్రెసర్ పెట్టాక చిన్న గొంతులు కూడా తేటపడ్డాయి.

ఇంకో కిటుకు ఉంది. కడ్డీని ఇంటి కప్పు మీద పెట్టి పొడుగాటి ఎర్త్ తీగ కిందికి దించితే, ఆ తీగే ఏంటెన్నా అయిపోయి రేంజ్ అమాంతం పెరుగుతుంది. కొందరు చేస్తారు. ఎర్త్ తీగ కూడా 3 మీటర్ల లెక్కలోదే గనుక నేను చేయను.

ఇంతా చేసినా పెద్దావిడ ఇంట్లో గరగర పోలేదు. వెళ్లి చూస్తే రేడియో పక్కనే ఫోన్ చార్జరు, పైన ఎల్ఈడీ దీపం! రేడియోను కిటికీ దగ్గరికి మార్చి, కాస్త పక్కకు తిప్పాను. లోపలి ఫెరైట్ కడ్డీకి దిక్కు పట్టింపు ఉంటుంది. మాట స్పష్టంగా వచ్చింది. మర్నాటి నుంచి ఊరగాయల కబుర్లు ఆవిడవే. చీకటి పడితే మాత్రం దూరపు స్టేషన్లు ఆకాశం మీంచి తిరిగొచ్చి మీద పడతాయి. అప్పుడు కట్టేస్తాను.

పిల్లలూ, ఇక్కడ మనకు ఆ వెసులుబాటు లేదు. లైసెన్సు లేకుండా ప్రసారం చేస్తే నేరం. జహీరాబాద్ దగ్గర మాచునూర్‌లో దళిత మహిళలు 2008లో మొదలుపెట్టిన సంఘం రేడియో కూడా అనుమతితోనే, ఎఫ్ఎంలో. వినడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫెరైట్ కడ్డీలు, ఎనామెల్ తీగ, గ్యాంగ్ కండెన్సర్లు తెచ్చి సైన్సు ల్యాబులో ఇచ్చాను. ఒక సెట్ కట్టి, మన బడిలో ఎక్కడ గరగర ఎక్కువో కనిపెట్టండి. నా అనుమానం కంప్యూటర్ గది మీద.