మైనస్ వచ్చినా తప్పు కాదు

1845లో గుస్తావ్ కిర్కాఫ్ ఇంకా కోనిగ్స్‌బర్గ్‌లో విద్యార్థే. తీగలు కలిసే చోటికి (నోడ్‌కు) ఎంత కరెంటు వస్తే అంతా బయటికి పోవాలని అప్పుడే సూత్రీకరించాడు. నోడల్ విశ్లేషణకు పునాది అదే.

ఒక నోడ్‌కు 12 వోల్టుల బ్యాటరీ 2 ఓమ్‌ల నిరోధం ద్వారా, 6 వోల్టులది 3 ఓమ్‌ల ద్వారా కలిశాయనుకుందాం. అక్కడి నుంచి గ్రౌండుకు 6 ఓమ్‌ల బల్బు. బ్యాటరీల రుణ ధ్రువాలూ గ్రౌండుకే. తెలియనిది నోడ్ వోల్టేజి ఒక్కటే. కిర్కాఫ్ సూత్రంతో సమీకరణం రాసి సాధిస్తే అది 8 వోల్టులు. పెద్ద బ్యాటరీ 2 ఆంపియర్లు పంపుతుంది. చిన్నదాని కరెంటుకు మాత్రం మైనస్ గుర్తు! విద్యార్థులు కంగారుపడేది ఇక్కడే. నిజానికి 8 వోల్టుల ముందు 6 చాలక, కరెంటు ఆ బ్యాటరీలోకే ఎదురు వెళుతోంది. ఛార్జ్ చేసే రకమైతే అది ఛార్జ్ అవుతోందన్నమాట.

1973లో బర్క్‌లీలో వెలువడిన స్పైస్ ప్రోగ్రాం కూడా సర్క్యూట్లను ఈ నోడల్ పద్ధతిలోనే లెక్కగట్టింది.