పొట్టిదెల్ల పుంగనూరు కాదు



చిత్తూరు సీమ సంతలలో నేడు పొట్టి యావు కనబడిన చాలును, పుంగనూరు జాతి యని పేరిడి పెద్ద వెల చెప్పుచున్నారు. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తమ నివాసమున ఈ యావులకు మేత పెట్టిన చిత్రములు దేశమంతట వ్యాపించిన పిదప ఈ మోజు మఱింత హెచ్చినది. కావున జాతిని గుర్తించు విధమును మనవి చేసెదను.

మన ప్రాంతమున కానవచ్చు దేశవాళీ జాతులలో ముఖ్యమైనవి మూడు. ఒంగోలు జాతి మహాకాయము. తెల్లని మేను, పొట్టివియు మొద్దువియునగు కొమ్ములు, పెద్ద మూపురము, మడతలుపడి వ్రేలాడు గంగడోలు దాని గుర్తులు. ఈ జాతియే బ్రెజిల్ దేశమున నెల్లూరు పేరిట నెలోరె యని ప్రసిద్ధి కెక్కినది. హళ్లికారు మైసూరు సీమది. బూడిదవన్నె, సన్నని పొడవైన ముఖము, నొసటి నడుమ గాడి. కొమ్ములు దగ్గఱగా పుట్టి వెనుకకు సాగి, కొనలు ముందునకు వంగును. ఈ రెంటి నెఱిగినవారు పుంగనూరును వానితో పొరబడరు. చిక్కంతయు తక్కిన పొట్టి పశువులతోనే.

పుంగనూరు పశువు ఎత్తు సాధారణముగా 70 మొదలు 90 సెంటీమీటర్లు, అనగా మూడడుగులకు మించదు. నొసలు వెడల్పు, కొమ్ములు చిన్నవై నెలవంకవలె వంగియుండును. వీపు ముందునుండి వెనుకకు వాలును. తోక ఇంచుమించు నేలను తాకును. తెలుపు, బూడిద, గోధుమ, ఎఱుపు వన్నెలు గలవు. పాలు కొద్దియే యైనను వెన్న నూటికి ఎనిమిది పాళ్లవఱకు నుండును.

పశువు పొట్టిగా నుండుటకు మూడు కారణములు గలవు: జాతి, వయస్సు, ఆకలి. వయస్సు తెలియుటకు నోరు తెఱచి చూడవలెను. పాలపళ్లే యున్నచో అది యింకను పెరుగు దూడ. ఎముకలు తేలి, పొట్ట ఉబ్బి, వెండ్రుకలు బిరుసెక్కినచో మేతలేక గిడసబారినదని తెలియవలెను. జాతి విషయమునను తొందర తగదు. కేరళమున వేచూరు, కన్నడ మలెనాడున గిడ్డ యను పొట్టి జాతులు వేఱుగా నున్నవి. జెర్సీ మొదలగు సీమజాతులతో సంకరమైనచో మూపురము అణగును, గంగడోలు తగ్గును.

అన్నిటికంటె గట్టి సాక్ష్యము తల్లిదండ్రులు. బ్రిటనులో షెట్లాండ్ దీవుల పొట్టి గుఱ్ఱములకు 1890లోనే వంశావళి సంఘ మేర్పడినది. అచ్చట 42 అంగుళముల లోపు ఎత్తున్నంత మాత్రమున గుఱ్ఱమును ఆ జాతిదని యొప్పుకొనరు. దాని తల్లిదండ్రుల పేర్లు గ్రంథమున కెక్కియుండవలెను. మనమును కొనుటకు ముందు తల్లిని చూపుమని యడుగవలెను. ఏ ఆబోతునకు పుట్టినదో విచారింపవలెను. సందేహమున్నచో పలమనేరు పశుపరిశోధన కేంద్రము వారి సలహా పొందవచ్చును.

కల్తీవలన కొనువాడు సొమ్ము పోగొట్టుకొనుట చిన్న నష్టము. పేరు మాత్రమే పుంగనూరుగా నున్న ఆబోతును ఊరి మందలో విడిచినచో, రెండు మూడు ఈతలలో అసలు జాతి గుర్తులు చెదరిపోవును. మరల కూర్చుట మిక్కిలి కష్టము. కావున గ్రామపెద్దలు ఊరికొక నిక్కమైన ఆబోతును నిలిపి, దాని సంతతిని ఒక పుస్తకమున వ్రాయించుచు రావలెనని కోరుచున్నాను.

ఇక సెలవు.