పెద్ద ఫోటో మన ఇంటికి ఎట్లా వచ్చింది



మన ఇండ్లల్ల గోడ మీద తాతల నలుపు తెలుపు ఫోటోలున్నాయి. వాళ్లు బతికున్నప్పుడు దిగింది చాలాసార్లు చిన్న ఫోటోనే. పోయినంక దాన్ని పెద్దది చేయించి పటం కట్టించారు. సామాన్యులకు ఆ వీలు కల్పించినవి బొమ్మను పెద్దది చేసే యంత్రం ఎన్‌లార్జర్, దాన్ని అచ్చువేసే బ్రోమైడ్ పేపర్.

దానికి ముందు పద్ధతి వేరు. సికింద్రాబాద్‌లో ఫోటో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్‌కు 1894లో ఆరో నిజాం ‘ముసవ్విర్ జంగ్’ బిరుదిచ్చారు. ఆయన వాడిన ఆల్బుమెన్ కాగితానికి ఎండ కావాలి. గాజు నెగెటివ్‌ను దానికి ఆనించి ఎండలో పెట్టేవారు. నెగెటివ్ ఎంతో ఫోటో అంతే. పెద్ద ఫోటోకు పెద్ద పలక, పెద్ద కెమెరా, మోసే మనుషులు కావాలి. ఆ ఖర్చు దర్బార్లకే చెల్లింది.

1857లో అమెరికాలో వుడ్‌వర్డ్ అనే ఆయన అద్దంతో ఎండను మళ్లించి బొమ్మను పెద్దది చేశాడు. కానీ ఒక్క ఫోటోకు గంటలు పట్టేది. కొలత రెండింతలైతే అదే వెలుగు నాలుగింతల జాగాలో పరుచుకొని పలచబడుతుంది. ఆ పలచని వెలుగును పట్టగల కాగితం కావాలి. 1870లలో ఇంగ్లండ్‌లో మొదలైన బ్రోమైడ్ పేపర్ ఆ పని చేసింది. జెలటిన్‌లో కలిపిన వెండి బ్రోమైడుకు దీపం వెలుగే చాలు. ఎర్ర వెలుగు సోకినా చెడదు. అందుకే డార్క్‌రూంలో ఎర్ర బల్బు. 1925లో లైకా కెమెరా వచ్చాక నెగెటివ్ 24, 36 మిల్లీమీటర్లకు తగ్గింది, ఎన్‌లార్జర్ తప్పనిసరైంది. మన దేశంలో ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్ము, పేపర్ తయారు చేసింది.

ఎన్‌లార్జర్ కింద ఫోటోగ్రాఫర్ చెయ్యి అడ్డం పెట్టి ముఖం నల్లబడకుండా కాపాడేవాడు. డెవలపర్ మందులో బొమ్మ తేలాక, దాన్ని నిలిపే హైపో మందులో వేసి, నీళ్లలో బాగా కడిగేవాడు. హైపో మిగిలిపోతే వెండి చెడి ఫోటో పసుపెక్కుతుంది. మీ ఇంటి ఫోటో నేటికీ నల్లగా నిలిచిందంటే, ఆ కడిగిన చేతుల ఓపికే కారణం.

ఇప్పుడు నా విన్నపం. ఆ ఫోటోలను ఎండ, చెమ్మ తగలని చోట పెట్టండి, తడిగుడ్డతో తుడవకండి. స్టూడియో కుటుంబాలవారూ, పాత నెగెటివ్‌లను వెండి కోసం అమ్ముకోకండి. కాగితపు కవర్లలో వేసి, పేరు, ఏడాది రాసి దాచండి. పెద్దలు ఉన్నప్పుడే ఫోటోల్లో ఉన్నది ఎవరెవరో అడిగి రాసుకోండి. నెగెటివ్ ఉంటే ఫోటో మళ్లీ తీయించుకోవచ్చు. పేరు చెప్పేవారు పోతే మళ్లీ దొరకరు.